కైరోప్రాక్టర్ చెయ్యి వేసేముందు ఎంఆర్ఐ తీయించాలా?

కుర్చీమనిషి:
నడుము పట్టేసి నెలన్నర పైనే అయింది. మొదట్లో నడుము వరకే ఉండేది. ఇప్పుడు కుడి పిర్రలోంచి తొడ వెనగ్గా పిక్క దాకా లాగేస్తోంది. కూర్చుంటే ఎక్కువ, నడిస్తే కాస్త నయం. తుమ్మినా దగ్గినా కాల్లోకి జివ్వుమంటుంది.

కైరోప్రాక్టర్‌కి (వెన్నునీ కీళ్లనీ చేత్తో నొక్కి వైద్యం చేసేవాళ్లు) చూపించుకుందామని వెళ్లాను, అక్కడే వచ్చింది తంటా. ఒకాయన ఎంఆర్ఐ లేనిదే ముట్టుకోనన్నారు. ఇంకొకాయన స్కానింగ్ దండగ, పడుకోండి అన్నారు. మూడో చోట ముందు ఎక్స్‌రే తీసి, ఇది చాలదు ఎంఆర్ఐ కూడా కావాలన్నారు. సరే, తీయించాను. రిపోర్టు చూసి "మూడు చోట్ల డిస్కులు (పూసల మధ్య మెత్తలు) ఉబ్బాయి, వారానికి మూడుసార్లు చొప్పున ఆరు నెలలు రండి, చివర్లో మళ్లీ ఎంఆర్ఐ తీసి అవి లోపలికి వెళ్లాయో లేదో చూద్దాం" అన్నారు.

ముగ్గురిదీ ఒకటే చదువు కదా, మూడు దార్లేమిటి? అసలు ఎంఆర్ఐలో వీళ్లు చూసేదేమిటి? తెలిసినవాళ్లు చెప్పండి, విసుగొచ్చేసింది.

మెటికల_మేళం:
ముగ్గుర్ని అడిగితే నాలుగు సలహాలు రావాలి, మీకు మూడే వచ్చాయి. ఇంకొకాయన్ని అడక్కండి.

పాత_మోకాలు:
పేరూ వయసూ చెరిపేసి రిపోర్టు ఇక్కడ పెట్టు బాబూ. చూసి చెప్పేవాళ్లున్నారు.

వెన్నుదన్ను:
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి సూటిగా చెప్తాను. ఎంఆర్ఐ రాసేముందు చూసుకోవాల్సింది ఒక్కటే: అందులో ఏం కనబడితే నేను చేసే పని మారుతుంది? ఏం కనబడినా మారదంటే రాయడం ఎందుకు?

కొత్తగా పట్టిన నడుము నొప్పికి, ప్రమాద సూచనలు లేకపోతే, మొదటి ఆరు వారాలు ఎక్స్‌రే గానీ ఎంఆర్ఐ గానీ తీయొద్దని 2017లో అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే చెప్పింది. మా మీద గిట్టనివాళ్లు చెప్పిన మాట కాదది, మా వాళ్లే మాకు చెప్పుకున్నది. కాబట్టి వచ్చినవాడికల్లా ముందు ఎక్స్‌రే తీసే అలవాటు నాకు నచ్చదు.

ప్రమాద సూచనలంటే ఏమిటంటారా? ఒంటికి వెళ్లాల్సి వచ్చినా రాకపోవడం, లేదా తెలియకుండానే అయిపోవడం. కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారడం. పాదం పైకెత్తలేక ఈడ్చుకుంటూ నడవడం, అదీ రోజురోజుకీ ఎక్కువ కావడం. పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, జ్వరం, ఊరికే బరువు తగ్గిపోవడం. ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు మింగి ఉండటం. గట్టిగా కింద పడటం. వీటిలో ఏదున్నా ఆరు వారాల లెక్క లేదు, ముందు స్కానింగే. మొదటి రెండూ అయితే నా దగ్గరికి కూడా రావద్దు, నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి.

మీ సంగతికొస్తే, ఆరు వారాలు దాటింది, నొప్పి కాల్లోకి దిగింది. ఎంఆర్ఐ తీయడం తప్పేం కాదు. "మూడు ఉబ్బులు, ఆరు నెలలు" అన్న లెక్కే నాకు మింగుడు పడటం లేదు. ఉబ్బుల్ని లెక్కపెట్టి సిట్టింగులు నిర్ణయించే పద్ధతి ఎక్కడా లేదు.

తర్కం_తమ్ముడు:
వెన్నుదన్ను గారు మంచివారే, కానీ ఈ వృత్తి పునాది దగ్గరే నాకు పేచీ. 1895లో అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి.పామర్ అనే ఆయన ఒక చెవిటి మనిషి వెన్ను మీద నొక్కి వినికిడి తెప్పించానని చెప్పుకోవడంతో మొదలైంది ఇదంతా. వెన్నుపూస కాస్త పక్కకి జరిగి నరాన్ని నొక్కడం వల్లే దాదాపు రోగాలన్నీ అని ఆయన సిద్ధాంతం, ఆ జరుగుడికి పేరు "సబ్‌లక్సేషన్". ఆయన కొడుకు బి.జె.పామర్ 1910లోనే ఎక్స్‌రేని ఇందులోకి తెచ్చాడు, ఆ జరుగుడు చూపించడానికే. ఆ తర్వాత ఎంఆర్ఐ వచ్చింది. నరం, డిస్క్, లిగమెంట్ అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. మరి ఆ సబ్‌లక్సేషన్ ఏ ఫిల్ములో కనబడింది? రేడియాలజిస్టు రిపోర్టులో ఎవరైనా చూశారా?

వెన్నుదన్ను:
తమ్ముడు గారూ, అందులో చాలా వరకు ఒప్పుకుంటాను. "ఎముక పక్కకి జరిగింది, నెట్టి సరిచేశాను" అనే మాట నేను వాడను. 1998లో టుల్‌బెర్గ్ వాళ్లు నడుము కింద ఉండే సాక్రోఇలియాక్ కీలుకి మానిప్యులేషన్ (చేత్తో కీలుని ఒక్క ఉదుటున కదిలించడం, మేం అడ్జస్ట్‌మెంట్ అనేదీ ఇదే) చేసి, ముందూ తర్వాతా చాలా సూక్ష్మమైన ఎక్స్‌రే పద్ధతిలో కొలిచారు. ఎముకలు ఉన్నచోటే ఉన్నాయి.

అలాగని ఏమీ జరగదనడమూ సరికాదు. గ్రెగరీ క్రేమర్ బృందం ఎంఆర్ఐలోనే పరీక్షించి చూసింది. మనిషిని పక్కకి పడుకోబెట్టి నడుముకి అడ్జస్ట్‌మెంట్ చేశాక వెన్నుపూసల వెనక ఉండే చిన్న ఫాసెట్ కీళ్ల మధ్య సందు పెరిగినట్టు కనబడింది. అంటే కీలు తెరుచుకుంటుంది, ఎముక కొత్త చోటికి పోదు. నొప్పి తగ్గడానికి దానికీ లంకె ఎంత ఉందన్నది వేరే చర్చ.

రేడియో_తరంగం:
రోజంతా ఈ ఫిల్ములు చదవడమే నా పని. తమ్ముడు గారి ప్రశ్నకి జవాబు: ఆ అర్థంలో ఆ మాట నేనెప్పుడూ రాయలేదు, రాయడానికి అక్కడేమీ కనబడదు. మేం సబ్‌లక్సేషన్ అని రాస్తే అది కీలు నిజంగా సగం తప్పిందని. దానిమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

అందరికీ చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. ఏ నొప్పీ లేని 98 మందికి నడుము ఎంఆర్ఐ తీసి 1994లో ఒక పెద్ద అధ్యయనం వేశారు. 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బు ఉంది. 27 శాతానికి ప్రొట్రూజన్, అంటే డిస్క్ ఒక చోట పొడుచుకు రావడం. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. 2015లో బ్రింజిక్జీ బృందం ఇలాంటి అధ్యయనాలన్నీ కూడి, నొప్పి లేని 3,110 మంది లెక్క చూస్తే, 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతానికి డిస్క్ అరుగుదల, 30 శాతానికి ఉబ్బు. 80 ఏళ్లకి అరుగుదల 96 శాతం. వయసుతో తల నెరిసినట్టే డిస్కూ ఎండిపోతుంది. రిపోర్టులో "డీజెనరేటివ్" (అరుగుదల) అనే మాట చూసి గుండెలు బాదుకోకండి.

ముందుచూపు:
ఇవన్నీ విన్నాక కూడా నేను మొదటాయన పక్షమే. అందరికీ ముందు ఎంఆర్ఐ తీయాల్సిందే. ఎక్స్‌రేలాగా రేడియేషన్ లేదు కదా, నష్టమేంటి? మాత్ర రాసిచ్చే డాక్టర్ ఆరు వారాలు ఆగొచ్చు. వెన్ను మీద ఒక్క ఉదుటున బలం పెట్టేవాడు లోపలేముందో చూడకుండా ఎలా పెడతాడు?

అడుగు_అడుగు:
ఫిజియోథెరపిస్టుని. ముందుచూపు గారి భయంలో న్యాయం ఉంది, కానీ "నష్టమేంటి" అన్నదాని దగ్గర ఆగుతాను. 2021లో రాజశేఖరన్ బృందం ఒక ప్రయోగం చేసింది. నడుము నొప్పి వాళ్లని రెండు గుంపులు చేసి ఎంఆర్ఐ తీశారు. ఒక గుంపుకి రిపోర్టులోని ప్రతి లోపమూ వివరించి చెప్పారు. రెండో గుంపుకి "వయసుకి తగ్గట్టే ఉంది, భయపడాల్సిందేం లేదు" అన్నారు. ఇద్దరికీ వైద్యం ఒకటే. ఆరు వారాల తర్వాత చూస్తే మొదటి గుంపువాళ్లకే బాధ ఎక్కువ, వెన్ను పాడైపోయిందన్న దిగులు ఎక్కువ.

ఇది నేను రోజూ చూసేదే. రిపోర్టు మడతపెట్టి జేబులో పెట్టుకుని వస్తారు. కింద పడ్డ పెన్ను తీయమంటే తీయరు. "డిస్క్ బయటికొచ్చిందండీ, వంగితే తెగిపోతుంది" అంటారు. నొప్పి తగ్గిపోయి చాలా కాలమైనా వంగనివాళ్లున్నారు. ఆ కాగితం వాళ్ల నడుముని కట్టేసింది.

ముందుచూపు:
అది చెప్పే తీరులో తప్పు, తీయడంలో తప్పు కాదు కదా.

రేడియో_తరంగం:
ముందుచూపు గారూ, నిజమే, చెప్పే తీరు చాలా ముఖ్యం. కానీ తీయడం వల్లే వైద్యం మెరుగవుతుందా అని కూడా చూశారు. 2003లో జార్విక్ బృందం 380 మంది నడుము నొప్పి వాళ్లని తీసుకుని సగం మందికి ఎక్స్‌రే, సగం మందికి త్వరగా అయిపోయే ఎంఆర్ఐ తీయించింది. ఏడాదికి నొప్పిలో, పని చేసుకోగలగడంలో తేడా లేదు. ఎంఆర్ఐ గుంపులో ఆపరేషన్లు మాత్రం కాస్త ఎక్కువ జరిగాయి.

పాత_మోకాలు:
లెక్కలు నాకు రావు గానీ, మా ఆడపడుచు సంగతి చెప్తాను. నడుము పైభాగంలో నొప్పి. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి ఏ పక్కకి తిరిగినా నిద్ర ఉండేది కాదు. ఒళ్లు సగమైపోయింది. ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన బోర్లా పడుకోబెట్టి వెన్నెముక మీద పిడికిలితో మెల్లగా తడుతూ వచ్చాడు. ఒక చోట తట్టగానే ఆవిడ కెవ్వుమంది. అంతే, చెయ్యి తీసేశాడు. జ్వరం వస్తోందా, ఎన్ని కిలోలు తగ్గారు అని అడిగి, ఒక్క నొక్కు కూడా నొక్కకుండా ఎంఆర్ఐకి రాసి, ఇవాళే వెళ్లండి అన్నాడు. వెన్నుపూసల్లో టీబీ. రెండు పూసలు, మధ్యలో డిస్కు, పక్కన చీము. మందులు వాడి లేచి తిరుగుతోందిప్పుడు. ఆ రోజు ఆయన ఉత్సాహపడి నొక్కి ఉంటే ఏమయ్యేదో.

వెన్నుదన్ను:
పాత_మోకాలు గారు చెప్పినాయన లాంటివాళ్లే మా వృత్తికి పరువు. ముందుచూపు గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఆయన్ని ఆపింది ఎంఆర్ఐ కాదు, అడిగిన ప్రశ్నలూ తట్టిన పిడికిలీ. ఎంఆర్ఐ ఆ తర్వాత వచ్చింది.

నీలిగడప:
అందరూ అలా ఉండరు. మా పక్కింటాయనకి రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి, కూర్చుంటే కూర్చున్నట్టు తెలియడం లేదని చెప్పినా అక్కడి కైరోప్రాక్టర్ పట్టించుకోలేదు. రెండుసార్లు నడుముని ఉదుటున తిప్పారు. మర్నాటికి మూత్రం ఆగిపోయింది. ఎంఆర్ఐలో పెద్ద డిస్క్ ముక్క కింది నరాల కట్టనంతా నొక్కేసి ఉంది. రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. కాళ్లొచ్చాయి, మూత్రం సంగతి ఇప్పటికీ పూర్తిగా కుదర్లేదు. అందుకే ఈ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

తర్కం_తమ్ముడు:
ఇదే నేననేది. వెన్నుదన్ను గారిలాంటివాళ్లు ఎంతమంది?

రేడియో_తరంగం:
నీలిగడప గారు చెప్పింది కౌడా ఈక్వైనా, అంటే వెన్ను కింది నరాల కట్ట నొక్కుకుపోవడం. అక్కడ గంటలు లెక్క. ఎంఆర్ఐ ఆలస్యం కాకూడని జబ్బుల్లో అది మొదటి వరసలో ఉంటుంది. చదివేవాళ్లందరూ ఆ లక్షణాలు గుర్తుపెట్టుకోండి: కూర్చునే చోట స్పర్శ పోవడం, రెండు కాళ్లలో నొప్పి లేదా బలహీనత, మూత్రం ఆగడం. ఎవరు "రేపు చూద్దాం" అన్నా వినకండి.

కుర్చీమనిషి:
అమ్మో. నాకు అవేం లేవు. రిపోర్టు ఇదిగో, తెలుగులో కొట్టాను, తప్పులుంటే సర్దుకోండి:
"ఎల్3-ఎల్4, ఎల్4-ఎల్5: డిఫ్యూజ్ డిస్క్ బల్జ్, మైల్డ్ థీకల్ శాక్ ఇండెంటేషన్. ఎల్5-ఎస్1: రైట్ పారాసెంట్రల్ ప్రొట్రూజన్, రైట్ ట్రావర్సింగ్ ఎస్1 నర్వ్ రూట్‌ని తాకుతోంది. డిస్క్ డెసికేషన్. కార్డ్ నార్మల్."
మూడు ఉబ్బులంటే ఇవే.

అడుగు_అడుగు:
కుర్చీమనిషి గారూ, కాగితం పక్కన పెట్టి మూడు పనులు చేసి చెప్పండి. గోడ పట్టుకుని కుడికాలి మునివేళ్ల మీద ఒంటికాలిపై లేవండి, వరసగా పదిసార్లు. తర్వాత మడమల మీద నాలుగడుగులు నడవండి. మూడోది, తిమ్మిరి పాదంలో ఏ వైపు ఉంది, బొటనవేలు వైపా చిటికెనవేలు వైపా?

కుర్చీమనిషి:
మడమల మీద నడక బానే ఉంది. మునివేళ్ల మీద లేవగలిగాను గానీ ఎడమకాలితో పోలిస్తే కుడికాలు త్వరగా అలిసిపోయింది. తిమ్మిరి చిటికెనవేలు వైపే, పాదం బయటి అంచున. ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అడుగు_అడుగు:
అయితే ఎస్1 నరం (ఎల్ అంటే నడుము పూసలు, ఎస్ అంటే వాటి కింది త్రికాస్థి, నరాలకీ అవే పేర్లు). మీ రిపోర్టులో ఎల్5-ఎస్1 గురించిన వాక్యం మీ కాలితో సరిపోయింది. పిక్కకి బలాన్నీ పాదం బయటి అంచుకి స్పర్శనీ ఇచ్చేది అదే. ఎల్5 నరమైతే బొటనవేలు పైకెత్తడం, మడమల నడక దెబ్బతినేవి. పై రెండు ఉబ్బులకీ మీ నొప్పికీ పెద్దగా సంబంధం ఉన్నట్టు లేదు. ఎదురుగా చూసేవాళ్లు మీ మడమ వెనక రిఫ్లెక్స్ కూడా (చిన్న సుత్తితో తడితే పాదం కదులుతుందా అని) కొట్టి చూడాలి.

రేడియో_తరంగం:
చక్కగా చెప్పారు. రిపోర్టులో మాటల గురించి రెండు ముక్కలు. థీకల్ శాక్ అంటే నరాల చుట్టూ ఉండే సంచి, ఇండెంటేషన్ అంటే దాని మీద నొక్కు, కార్డ్ అంటే వెన్నుపాము. డిస్క్ చుట్టుకొలతలో పావు వంతుకి మించి బయటికి పొంగితే అది బల్జ్ (ఉబ్బు), హెర్నియేషన్ (డిస్క్ ఒక చోట బయటికి రావడం) కిందకే రాదు. ఒక చోట పొడుచుకొచ్చి మొదలు వెడల్పుగా ఉంటే ప్రొట్రూజన్. మొదలు సన్నగా, బయట పెద్దగా ఉంటే ఎక్స్‌ట్రూజన్. ముక్క తెగి విడిపోతే సీక్వెస్ట్రేషన్. డెసికేషన్ అంటే నీరు తగ్గడం. టీ2 అనే ఫిల్ముల్లో నీరున్నది తెల్లగా వస్తుంది, అందుకే నీరున్న డిస్క్ తెల్లగా, ఎండినది నల్లగా కనిపిస్తుంది. నల్లగా ఉన్నంత మాత్రాన నొప్పి అక్కణ్ణుంచే అని కాదు.

ఇంకో మాట. రిపోర్టు రాసేది మనుషులే. 2017లో హెర్జాగ్ వాళ్లు కాలి నొప్పి ఉన్న 63 ఏళ్ల ఆవిడని మూడు వారాల్లో 10 ఎంఆర్ఐ సెంటర్లకి పంపారు. 10 రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదింటిలోనూ ఉన్నది ఒక్కటి కూడా లేదు. కాబట్టి రాసిచ్చే చీటీలో "నడుము నొప్పి" అని ఊరుకోకుండా "కుడి కాలు, చిటికెనవేలు వైపు తిమ్మిరి, ఎస్1 అనుమానం" అని రాయమనండి. ఏం వెతకాలో మాకు తెలుస్తుంది.

మెటికల_మేళం:
నాకో పిచ్చి సందేహం. ఆ టక్‌మనే చప్పుడు ఎముకదా, నరానిదా? మెటికలు విరిస్తే వచ్చేదే కదా? ఇంట్లో నా మెటికల గోలకి అందరూ చెవులు మూసుకుంటున్నారు.

వెన్నుదన్ను:
పిచ్చిదేం కాదు, ఎంఆర్ఐతోనే దీన్ని పట్టుకున్నారు. 2015లో ఆల్బర్టా యూనివర్సిటీలో కాచుక్ బృందం వేలికి గొట్టం తొడిగి లాగుతూ ఎంఆర్ఐలో సినిమాలా తీసింది. వేళ్లు లాగించుకున్నది ఒక కైరోప్రాక్టరే. చప్పుడు వచ్చేటప్పటికి కీలు లోపలి ద్రవంలో ఒక ఖాళీ ఏర్పడింది. మొత్తం తతంగం 310 మిల్లీసెకన్ల లోపే. ఎముక సర్దుకున్న చప్పుడు కాదది. అందుకే చప్పుడు రాలేదని రెండోసారి మూడోసారి గట్టిగా తిప్పేవాళ్లని చూస్తే నాకు కోపం.

మెటికల_మేళం:
ఈ పోస్టు ప్రింటు తీసి గోడకి అంటిస్తున్నాను.

సొరంగభీతి:
అసలు ఆ గొట్టంలోకి వెళ్లడమే నాకు చావు. మొదటిసారి సగంలో బయటికి వచ్చేశాను. ఎవరికైనా ఉపాయం తెలుసా? భుజం కింద చిన్నప్పటి ఇనుప ముక్క కూడా ఉందంటారు ఇంట్లో.

రేడియో_తరంగం:
ఇనుప ముక్క సంగతి టెక్నీషియన్‌కి లోపలికి వెళ్లకముందే చెప్పాలి, దాచొద్దు. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, కంట్లో పడ్డ లోహపు రవ్వ, ఇవన్నీ ముందే చెప్పాలి. కొన్ని పేస్‌మేకర్లకి వీలవుతుంది, కొన్నిటికి కాదు, పేస్‌మేకర్‌తో ఇచ్చిన కార్డు చూసి తేలుస్తారు.

భయానికైతే, కళ్లు లోపలికి వెళ్లాక కాదు, బల్ల మీద పడుకోగానే మూసేయండి. కంటి మీద బట్ట వేయమనండి. చేతికి ఒక బంతి ఇస్తారు, నొక్కితే ఆపుతారు. మామూలు యంత్రం గొట్టం 60 సెంటీమీటర్లు, వెడల్పాటిది 70. అది ఉందా అని ముందే కనుక్కోండి. నడుముకే కాబట్టి కాళ్లు ముందుగా పంపగలరేమో కూడా అడగండి.

సొరంగభీతి:
కాళ్లు ముందుగా అనే మాట ఎవరూ చెప్పలేదు నాకు. చాలా థ్యాంక్స్.

కుర్చీమనిషి:
మరి చివర్లో మళ్లీ ఎంఆర్ఐ తీసి డిస్క్ లోపలికి వెళ్లిందో లేదో చూడటం?

అడుగు_అడుగు:
అక్కర్లేదు. సయాటికా (నడుము నుంచి కాల్లోకి లాగే నొప్పి) వాళ్లకి ఏడాది తర్వాత మళ్లీ ఎంఆర్ఐ తీసి 2013లో ఒక అధ్యయనం వచ్చింది. బాగైపోయినవాళ్లలో 35 శాతానికి డిస్క్ ఇంకా బయటే ఉంది. బాగుకానివాళ్లలో 33 శాతానికి. అంటే ఫిల్ము చూసి ఎవరికి తగ్గిందో చెప్పలేం. కాలు చెప్తుంది, మునివేళ్ల మీద లేవడం చెప్తుంది. బలం తగ్గిపోతుంటేనో, ఆపరేషన్ ఆలోచన వస్తేనో మళ్లీ తీయాలి.

వెన్నుదన్ను:
డిస్క్ "లోపలికి నెట్టడం" అనేది కూడా లేదు. బయటికొచ్చిన ముక్కని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. 2015లో చియూ బృందం పాత అధ్యయనాలన్నీ కూడి చూస్తే, సీక్వెస్ట్రేషన్లలో 96 శాతం, ఎక్స్‌ట్రూజన్లలో 70 శాతం, ప్రొట్రూజన్లలో 41 శాతం, ఉబ్బుల్లో 13 శాతం తమంతట తామే తగ్గాయి. పేరు వింటే భయమేసేదే ఎక్కువగా కరుగుతుంది. ఇది తెలియని పేషెంటుకి, కరిగిన ఫిల్ము చూపించి "నా చేతి మహిమ" అని చెప్పుకోవడం తేలిక.

తర్కం_తమ్ముడు:
ఈ ఒక్క పోస్టుకి మీకు దండం పెట్టొచ్చు. అయితే డిస్క్ బయటికొచ్చిందని ఎంఆర్ఐలో తేలాక కూడా మీరు మానిప్యులేషన్ చేస్తారా, చేయరా? సూటిగా చెప్పండి.

వెన్నుదన్ను:
మనిషిని బట్టి చేస్తాను. స్విట్జర్లాండ్‌లో లీమన్, పీటర్సన్ వాళ్లు ఎంఆర్ఐలో హెర్నియేషన్ తేలిన 148 మందికి మానిప్యులేషన్ చేసి 2014లో ఫలితాలు వేశారు. మూడు నెలలకి 90 శాతం మంది మెరుగయ్యామన్నారు. కానీ పోల్చి చూడటానికి వైద్యం చేయని గుంపు లేదందులో. ఎంతమందికి ఊరికే తగ్గేదో తెలియదు. కాబట్టి దాన్ని పట్టుకుని గొప్పలు పోను. బలం తగ్గుతున్న కాలికి చేయను. ఎలా పడుకోబెట్టినా నొప్పి పాదం వైపు దిగుతుంటే చేయను. నాలుగైదు సిట్టింగుల్లో తేడా రాకపోతే ఆపేసి సర్జన్‌కి చూపించుకోమంటాను. ఆరు నెలల ప్యాకేజీ అన్న మాటే రాదు.

ముందుచూపు:
నడుము సరే, మెడో? మెడ విరిచి పక్షవాతం వచ్చిందని వింటాం. మెడకైనా ముందు ఎంఆర్ఐ తప్పనిసరి చేయొచ్చు కదా.

రేడియో_తరంగం:
అక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి మెడలోని రక్తనాళం గోడ చీలడం. చాలా అరుదు, వస్తే స్ట్రోక్ దాకా పోతుంది. మామూలు మెడ ఎంఆర్ఐలో దాటిపోవచ్చు. దానికి ఎంఆర్ యాంజియో (రక్తనాళాలు చూపే ఎంఆర్ఐ), కొవ్వుని అణచి తీసే టీ1 ఫిల్ములు కావాలి. అప్పుడు నాళం గోడలో నెలవంక ఆకారంలో రక్తం తెల్లగా కనబడుతుంది. ఇవాళ బాగున్న నాళం రేపు చీలదని ఏ స్కానింగూ హామీ ఇవ్వలేదు. అందుకే అందరికీ తీయడంలో అర్థం లేదు. ముందెన్నడూ లేని రకం మెడనొప్పి లేదా తలనొప్పి హఠాత్తుగా రావడం, కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, ఒక కనురెప్ప వాలిపోవడం ఉంటే మాత్రం మెడ ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపాలి.

2008లో కెనడాలో కాసిడీ వాళ్లు చూస్తే, కైరో దగ్గరికి వెళ్లినవాళ్లకి మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్ల కంటే ఈ స్ట్రోక్ ఎక్కువగా ఏమీ రాలేదు. చీలిక నొప్పితోనే జనం ఇద్దరి దగ్గరికీ వెళ్తుండొచ్చని వాళ్ల వాదన. దాని మీద తగువు ఇంకా నడుస్తోంది.

నీలిగడప:
తగువు నడుస్తున్నప్పుడు మెడని ఉదుటున తిప్పకుండా ఉండటమే మేలు కదా.

వెన్నుదన్ను:
నీలిగడప గారూ, నేను మెడకి చాలా వరకు మెల్లగా చేసే పద్ధతులే వాడతాను, ఈ కారణంగానే. ఇక రేడియో_తరంగం గారు చెప్పబోయే రెండోది వెన్నుపాము నొక్కుకోవడం అనుకుంటాను. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోంది, చేతిలోంచి గ్లాసు జారిపోతోంది, నడుస్తుంటే తూలుతున్నాను అని వస్తారు. నొప్పి ఉండకపోవచ్చు కూడా. అక్కడ ఎంఆర్ఐ చూడకుండా మెడ మీద చెయ్యి వేస్తే అది నేరమే అంటాను.

రేడియో_తరంగం:
అదే. టీ2లో వెన్నుపాము లోపల తెల్ల మచ్చ కనబడితే ఇక మాట్లాడేది సర్జన్‌తోనే.

ముందుచూపు:
సరే, అందరికీ కాదు గానీ అనుమానం వస్తే వెంటనే అన్నదాకా ఒప్పుకుంటున్నాను. మా అమ్మకి డెబ్బై దాటాయి, వీపు కాస్త వంగింది, కింద కూర్చోబోయి కలుక్కుమందని నాలుగు రోజులుగా లేవలేకపోతోంది. ఎక్స్‌రేలో పూస నొక్కుకుపోయింది గానీ పాతదో కొత్తదో చెప్పలేమన్నారు. కైరోకి చూపిద్దామని మావాళ్లు పట్టుబడుతున్నారు.

రేడియో_తరంగం:
వద్దు. ముందు ఎంఆర్ఐ, అందులో స్టిర్ ఫిల్ములు (కొవ్వుని అణచి నీటిని తెల్లగా చూపే రకం) ఉండేలా చూడండి. కొత్తగా విరిగిన పూసలో నీరు చేరి ఆ ఫిల్ముల్లో పూస తెల్లగా వెలుగుతుంది, పాతదైతే వెలగదు. దానికి ఇంజెక్షన్ మందు అక్కర్లేదు. ఇన్ఫెక్షనో గడ్డో అనుమానం ఉంటేనే గాడోలినియం అనే ఆ మందు ఇస్తారు, అప్పుడు కిడ్నీ పరీక్ష ముందు చూపించండి.

వెన్నుదన్ను:
ఎముకలు గుల్లబారిన వెన్ను మీద ఉదుటు పెట్టేవాడు ఎవరైనా సరే, అమ్మగారిని అక్కణ్ణుంచి తీసుకొచ్చేయండి. ఎముక సాంద్రత పరీక్ష కూడా చేయించండి, ఒక పూస విరిగితే తర్వాతది విరిగే అవకాశం ఎక్కువ.

ముందుచూపు:
రాసుకున్నాను. స్టిర్, ఎముక సాంద్రత. మావాళ్లకి ఈ చర్చే పంపిస్తున్నాను.

కుర్చీమనిషి:
నా సంగతి కూడా చెప్పేస్తాను. ఆరు నెలల లెక్క చెప్పిన చోటికి ఇక వెళ్లను. సీడీ తీసుకుని, ఎంఆర్ఐ చూడనిదే ముట్టుకోనన్న మొదటాయన దగ్గరికి వెళ్తున్నాను. రిఫ్లెక్స్ కొట్టి చూడమని అడుగుతాను.

అడుగు_అడుగు:
సీడీతో పాటు రిపోర్టు కాగితం కూడా. మునివేళ్ల మీద లేవడం వారానికోసారి చూసుకోండి, ఎన్నిసార్లు లేవగలిగారో రాసి పెట్టుకోండి. ఆ సంఖ్య పడిపోతుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.